ఐదింటికి మూసుకున్న తెర

పాసుల బాబాయి పోయారన్న వార్త నాకు ఆఫీసులో, సర్వరు ముందు కూర్చుని ఉండగా తెలిసింది. ఆ రోజు కొత్తగా చేరిన నలుగురికి అకౌంట్లు తెరుస్తున్నాను. ఎవరు ఏ ఫైలు చూడొచ్చు, ఎవరు ఏది మార్చొచ్చు, ఎవరు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పనిచేయొచ్చు అని ఒక్కో పేరుకీ హద్దులు పెడుతున్నాను. గోవింద్‌పూర్‌లో ఇంటి నుంచి అమ్మ ఫోను. "ఒరే, మీ బాబాయి ఎల్లిపోయాడ్రా. టీ తాగి కుర్చీలో కూకున్నోడు కూకున్నట్టే..." అంది.

అప్పుడు నేనేం చేశానో చెప్పనా? మూడో పేరు మధ్యలో ఉన్నాను. దాన్ని పూర్తి చేశాను. నాలుగో పేరు కూడా పూర్తి చేశాను. ఆ తర్వాతే కుర్చీలోంచి లేచాను.

మన తెలుగు సంఘం సంచికలో బాబాయి గురించి రాయమని కార్యదర్శి గారు నన్నే అడిగారు. "ఆయన సేతుల మీద పెరిగినోడివి. నాలుగు మంచి మాటలు నువ్వే రాయాల" అన్నారు. మంచి మాటలకేం కరువు, ఎన్నైనా ఉన్నాయి. కానీ వాటి వెంట మరొకటి రాయకుండా ఈ కాగితం మీద నా పేరు పెట్టుకోలేను. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఉద్యోగంలో చివరి రెండేళ్లు బాబాయి ఫైళ్ల గదిలో కూర్చోవలసి వచ్చింది ఆయన మతిమరుపు వల్ల కాదు. నా వల్ల. మీలో చాలామంది ఇన్నాళ్లూ వేరేలా అనుకున్నారు. అలా అనుకోనిచ్చింది కూడా నేనే.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. కళింగపట్నం దగ్గరి ఊరి నుంచి మా నాన్న, ఆయన ఈ హిందీ ఊరికి ఒకే రైల్లో వచ్చారట. అంతే, ఆ రైలు బంధుత్వం చివరిదాకా ఉంది. ప్లాంటులో మనుషుల్ని పెట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో గేటు పాసుల కౌంటరు ఆయనది. సంగతి తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. కాంట్రాక్టు కూలీ ఎంత పనిమంతుడైనా మెడలో పాసు లేకపోతే గేటు దాటలేడు. ఆ పాసుకి గడువుంటుంది. గడువు తీరక ముందే మెడికల్ చీటీ, సేఫ్టీ ట్రైనింగ్ చీటీ తెచ్చి ఇస్తే కౌంటరులో కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. అది ఎక్కితేనే మర్నాడు గేటు తెరుచుకుంటుంది.

ఆయన కౌంటరు వెనక గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఒక నీలం చొక్కా. పూర్తి చేతులది, ఇస్త్రీ చేసినది. షిఫ్టు దిగి చెమటతో, మసితో వచ్చేవాడికి పాసు ఫొటో తీయాలంటే ముందు ఆ చొక్కా తొడిగించేవారు. కిటికీ గట్టు మీద చిన్న అద్దం, దువ్వెన, కొబ్బరినూనె సీసా. "తల దువ్వుకోరా. ఏడాదంతా నీ మెడలో ఏలాడే మొగం ఇది" అనేవారు. లావుపాటి వాళ్లకి గుండీలు పట్టకపోతే వెనక నుంచి కోసి పిన్నులు పెట్టిన రెండో చొక్కా కూడా ఒకటుండేది. ఆదివారం పిన్ని ఆ రెండింటినీ ఉతికేది. "మా ఆయన బట్టలు తక్కువ, ఊరోళ్ల బట్టలెక్కువ" అని నవ్వేది.

ఎంట్రీ అయ్యాక తెరను కిటికీ వైపు తిప్పేవారు. ఇంగ్లీషు చదవలేని వాడికి పేరు, తండ్రి పేరు, గడువు అన్నీ వేలు పెట్టి చూపిస్తూ చదివి వినిపించేవారు. "సూసుకో. నీదే. మనిసికి తన పేరు తన కల్లకి కనపడాల" అనేవారు. వెనక లైనులో ఎంతమంది ఉన్నా ఆ తెర తిప్పడం మాత్రం మానేవారు కాదు.

ఎవరైనా విసుక్కుంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "గేటు కాడ ఆగిపోయినోడి మొగం నువ్వెప్పుడైనా సూసినావేటి? టిఫిను డబ్బా ఊపుకుంటూ ఎనక్కొత్తాడు. పెల్లానికేటి సెప్పాలో తెలీక రోడ్డు మీదే తిరుగుతాడు. నాను సూసినాను" అనేవారు.

నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ కౌంటరులోనే. అమ్మ ఇళ్లల్లో పనికి వెళ్లే రోజులవి. బడి అయ్యాక సాయంత్రాలు నన్ను ఆయన దగ్గర దించేది. పనికిరాని పాసు ఫారాల వెనక వైపు ఆయన రాసిచ్చిన అ, ఆ లు దిద్దేవాణ్ణి. బయట కూలీల లైను, లోపల నా గీతలు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ నాలుగు ముక్కలు ఆ ఫారాల పుణ్యమే.

ఉద్యోగం కూడా ఆయన పుణ్యమే. కంప్యూటర్ డిప్లొమా చేసి ఏడాది తిరిగినా దొరకని పని, ఆయన మేనేజరుతో మాట్లాడితే దొరికింది. చేరిన రోజు నేను పులి బొమ్మ టీషర్టు వేసుకుని పాసు ఫొటోకి వెళ్లాను. "ఇదేట్రా బుడ్డోడా, పులిని లోపలికి తోలుతారా?" అని నవ్వి, గోడ మీది నీలం చొక్కా తీసి ఇచ్చారు. నా పాసులో నేనూ ఆ చొక్కాతోనే ఉన్నాను.

ఇక ఆ పాడు సంగతికి వస్తాను.

మా ఆఫీసులో బల్లల మీద ఉండేవి తెరలూ కీబోర్డులూ మాత్రమే. అందరూ ఒకే సర్వరు మీద పనిచేసేవారు. అంతకుముందు అందరి పాస్‌వర్డులూ అందరికీ తెలుసు. పక్కింటి వాళ్లకి తాళంచెవి ఇచ్చినట్టే. ఒకసారి ఎవరో పెన్‌డ్రైవు పెట్టి వైరస్ ఎక్కించేస్తే రెండు రోజులు పని ఆగిపోయింది. మేనేజరు నన్ను పిలిచి, "జిస్‌కా జిత్నా కామ్, ఉస్‌కో ఉత్నా హీ" అన్నారు. ఎవరి పనికి ఎంత కావాలో అంతే ఇవ్వు, అంతకు మించి వద్దు అని. మాట సరైనదే. ఇప్పటికీ నేను పాటించేది అదే. తప్పు ఆ మాటది కాదు. ఎవరికి ఎంత కావాలో తేల్చమని నా మీద వదిలారే, అక్కడ వచ్చింది తప్పు.

ఎవరికి వారికి విడిగా అకౌంట్లు చేశాను. పెన్‌డ్రైవులు ఆపేశాను. తెర మీద సొంత బొమ్మలు తీసేశాను. బాబాయి తెర మీద కళింగపట్నం సముద్రం ఫొటో ఉండేది. అది పోయి కంపెనీ గుర్తు వచ్చింది. ఆయన పాత కేలండరు నుంచి సముద్రం బొమ్మ ఒకటి కత్తిరించి తెర అంచుకి టేపుతో అతికించుకున్నారు. పాసుల ఎంట్రీ చేసే హక్కు ఆయన అకౌంటుకు ఒక్కదానికే ఉంచాను. అది మంచి పనే. ఆ తర్వాత పని గంటలు పెట్టాలి. అకౌంట్స్ గుమాస్తా నా గదికి వచ్చి, "సర్, నాకు రాత్రి ఎనిమిది దాకా ఇవ్వండి" అని అడిగాడు. ఇచ్చాను. బాబాయిని నేను అడగలేదు. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు అని పెట్టేశాను. ఐదు కొట్టగానే సర్వరే కనెక్షను తెంచేస్తుంది.

ఆయన కౌంటరులో అసలు పని మొదలయ్యేదే ఐదు తర్వాత. జనరల్ షిఫ్టు దిగి కూలీలు వచ్చేది అప్పుడు. ఆ సంగతి నాకు తెలియదా? ఆ లైను చూస్తూ అక్షరాలు దిద్దినవాణ్ణి కదా. తెలుసు. తెలిసే చేశాను.

ఎందుకంటే చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. దానికి వారం ముందు హెడ్డాఫీసు నుంచి ఆడిటర్లు వచ్చారు. మేనేజరు నన్ను వాళ్లకి "మా సిస్టమ్ అడ్మిన్" అని పరిచయం చేస్తున్నారు. సరిగ్గా అప్పుడే కౌంటరు దగ్గర నుంచి కేక. "ఒరే బుడ్డోడా! నా మెషీను మల్లీ మొరాయించింది, ఓపాలి ఇటు రా!" అందరూ నవ్వారు. ఆడిటర్లలో ఒకడు "బుడ్డోడా మతలబ్?" అని ఆ మాటకి అర్థం అడిగాడు కూడా. నా చెవులు కాలిపోయాయి. ఆ మంట వారమైనా ఆరలేదు. బాబాయి అకౌంటు ముందు కూర్చున్నప్పుడు ఇంకా ఉంది. సాయంత్రాలు ఆ కేకలు ఉండవులే అనుకున్నాను. పెద్దాయనకు మొహం మీద చెప్పలేను కాబట్టి కంప్యూటరు చేత చెప్పించాను. అదీ నా మగతనం.

మొదటి రోజు ఐదింటికి తెర మూసుకుంటే ఆయన కరెంటు పోయిందనుకున్నారట. రెండో రోజు అర్థమైంది. అయినా మేనేజరు దగ్గరికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో నాకు తర్వాత పిన్ని చెప్పింది. "మన కుర్రోడు కట్టిన సిస్టమ్మీద మనమే పోయి ఫిర్యాదు సేత్తామేటి? అందరి ముందూ ఆడికి నామోసీ గదా అన్నాడు" అంది. నేను ఆయన ముందు నోరు తెరవలేదు, ఆయన నా వెనక నోరు తెరవలేదు. మన ఇళ్లల్లో మర్యాద అంటే ఇదే కదా.

ఆయనే సర్దుకున్నారు. సాయంత్రం వచ్చినవాళ్ల చీటీలు తీసుకుని పుస్తకంలో రాసుకుని, మర్నాడు తొమ్మిదికి ఎక్కించేవారు. కుదిరినవాణ్ణి మధ్యాహ్నం భోజనం టైములో రమ్మనేవారు. ఇలా మూడు నెలలు నడిచింది.

ఒక శుక్రవారం. మర్నాడు ప్లాంటులో పెద్ద షట్‌డౌను మొదలు. ఒక భాగాన్ని ఆపి వారాల తరబడి మరమ్మతు చేస్తారు. ఏడాదికి ఒకసారి వచ్చే పెద్ద పని అది. ఆ పనికి తీసుకునేవాళ్ల లిస్టు పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర ఖాయమైపోతుంది. పర్సుడీహ్ నుంచి వచ్చే ఒక రిగ్గరు, బరువులకు తాళ్లు కట్టి పైకెత్తించే మనిషి, ఐదుంపావుకి మెడికల్ చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతని పాసు గడువు ఆ రాత్రితో సరి.

బాబాయి నా గది గుమ్మంలోకి వచ్చారు. నేను బ్యాగు భుజాన వేసుకుంటున్నాను. వంతెన అవతల మాంగో పేటలో స్నేహితుడి పుట్టినరోజు, కింద బైకు మీద ఇంకొకడు హారన్ కొడుతున్నాడు.

"ఒరే, మెషీను మూసీసింది. ఒక్క పేరుందిరా. రేపు ఆరింటికి షట్‌డౌను. ఓ ఐదు నిమిసాలు తీత్తావేటి?"

ఆయన తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబిచ్చాను. అబద్ధం ఆడేటప్పుడు అదే తేలికగా వచ్చింది. "సిస్టమ్ ఐసా హీ హై బాబాయ్. మేరే హాథ్ మే కుఛ్ నహీ హై."

"నీ సేతిలో నేదా? మరెవుల సేతిలో ఉంది?"

"సర్వర్ మే."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. "అలగా" అన్నారు. "సరే, ఎల్లు. బండి మీద జాగర్త. మాంగో వంతెన మీద ఈ టయానికి రద్దీగుంటాది."

నా చేతిలోనే ఉంది. ఒక్క నిమిషం పని. నేను మెట్లు దిగి వెళ్లిపోయాను. ఆ రాత్రి కడుపునిండా బిర్యానీ కూడా తిన్నాను.

మర్నాడు రిగ్గరు గేటు దగ్గర ఆగిపోయాడు. అతని చోట్లో వేరే మనిషిని తీసుకున్నారు. షట్‌డౌను అయ్యేదాకా అతనికి పని లేదు. అతని సూపర్‌వైజరు గొడవ చేస్తే మేనేజరు నన్ను నోటు రాయమన్నారు. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. ఆపరేటరు నిర్ణీత సమయంలోపు ఎంట్రీ చేయలేదు అని. అందులో అక్షరం అబద్ధం లేదు చూడండి, అంత తెలివిగా రాశాను. సంతకం కోసం బాబాయికిస్తే, "నువ్వు రాసినావు గదా, మల్లీ సదివేదేటి" అంటూ జేబులోంచి పెన్ను తీశారు. వారంలో ఆయన్ని కౌంటరు నుంచి తీసి ఫైళ్ల గదికి పంపారు. పెద్దవాడైపోయాడు, మరిచిపోతున్నాడు అన్నారు. నేనూ తలూపాను. గోడ మీది నీలం చొక్కాలు ఆయన మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయారు.

అక్కడితో అయిపోలేదు. ఫైళ్ల గదికి వెళ్లిన కొన్నాళ్లకు ఆయన ఏదో కాగితం ఇవ్వడానికి నా గదికొచ్చారు. నేను తెర వైపు తిరిగి ఉన్నాను. అకౌంట్స్ గుమాస్తా ఇంకో గంట కావాలంటే మారుస్తున్నాను. చూడనివాళ్లకు చెబుతాను, ఆ పనిగంటల పట్టిక గళ్ల నుడికట్టులా ఉంటుంది. వారంలో రోజులు ఏడు వరసలు, రోజులో గంటలు ఇరవై నాలుగు గళ్లు. పని చేయనిచ్చే గంటలు నీలం, చేయనివ్వనివి తెలుపు. మౌసుతో లాగితే తెల్ల గళ్లు నీలమైపోతాయి. లాగాను, అయ్యాయి. వెనక నుంచి బాబాయి గొంతు.

"ఇంతేట్రా?"

నేను తిరగలేదు. తిరిగి ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది. కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ చెప్పుల చప్పుడు వసారా చివరిదాకా విన్నాను.

తర్వాత ఆయన బతికిన ఆ కొన్నేళ్లలో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నాతోనే కాదు, ఎవరితోనూ. రిటైరయ్యాక నెలకోసారైనా పిలిచేవారు. "టయిముందేట్రా నీకు? ఈ ఫోను సూసి పెట్టు" అని నా చేతిలో పెట్టేవారు. పాస్‌వర్డు గట్టిగా, పిన్నికీ పక్కింటికీ వినపడేలా చెప్పేవారు. "బాబాయ్, మెల్లగా చెప్పు, ఎవరికీ తెలియకూడదు" అంటే, "తెలిత్తే ఏటైపోద్ది? దొంగలెవులున్నారిక్కడ?" అనేవారు. నేను తల వంచుకుని ఫోను చూసేవాణ్ణి. పిన్ని గారెలు పెట్టేది. సిగ్గు లేకుండా తినేవాణ్ణి.

క్షమించమని ఎన్నోసార్లు అడుగుదామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి, ఫోనులో బొమ్మలు పెద్దవి చేసి, వచ్చేసేవాణ్ణి. ఆయనే ఒక మాట తిడితే బాగుణ్ణు అనుకునేవాణ్ణి. తిట్టలేదు.

సువర్ణరేఖ నది ఒడ్డుకు ఆయన్ని తీసుకెళ్లిన రోజు పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లు నేరుగా అక్కడికే వచ్చారు. బట్టలు కూడా మార్చుకోలేదు. మెడల్లో పాసులు. ఆ పాసుల్లో రకరకాల మొహాలు, కింద ఒకే చొక్కా. చాలామంది పాసులు ఆ తర్వాత మారిపోయాయి గానీ కొత్త వాటిలోకీ పాత ఫొటోలే ఎక్కాయి. ఆ రిగ్గరు కూడా వచ్చాడు. పాడె ఒక వైపు పట్టాడు. తర్వాత పక్కవాడితో అంటుంటే విన్నాను. "బాబాయి ఒక్కపాలి మరిసిపోనాడు. ముసిలోడు, మరుపు రాదేటి? నాను ఎప్పుడో మాఫ్ కర్ దియా."

నేను చేసిన తప్పుకి బాబాయికి క్షమాభిక్ష దొరికింది. నాలుగడుగుల దూరంలో నిలబడి కూడా నేను నోరు తెరవలేదు. అక్కడ కూడా.

మర్నాడు ఆఫీసులో ఆయన అకౌంటు తెరిచాను. రిటైరైనప్పుడే తీసేయాల్సింది, ఎవరూ వాడకుండా ఆపి వదిలేశాను గానీ తీయలేదు. గళ్లు అలాగే ఉన్నాయి. ఐదు తర్వాత అన్నీ తెలుపు. మౌసుతో లాగి వారమంతా నీలం చేశాను. చేసి, చూసుకుని, నా మీద నాకే అసహ్యం వేసింది. బతికున్నప్పుడు ఐదు నిమిషాలివ్వని వాడు పోయాక వారమంతా ఇస్తున్నాడు, ఛీ! సేవ్ చేయకుండా మూసేశాను. ఆ తర్వాత మేనేజరుకి ఉత్తరం రాశాను. ఆనాటి నోటులో రాయనిదంతా ఈసారి రాశాను. పాత నోటు పక్కన దీన్ని కూడా ఫైలులో పెట్టమన్నాను. ఆయన చదివి తన దగ్గర పెట్టుకున్నారు. నన్నేం చేస్తారో ఇంకా తెలియదు. ఏం చేసినా సరే.

ఇది సంచికకు ఇచ్చేద్దామని మడిచాక ఒక సంగతి తట్టింది. రిగ్గరుకి తెలుగు చదవడం రాదు. ఇక్కడే పుట్టాడు, హిందీ బడి. నేను ఎంత అచ్చు వేయించుకున్నా వినవలసిన ఆ ఒక్క మనిషికి ఇది అందదు. అది తెలిసీ ఇచ్చేస్తే మళ్లీ అదే పని చేసినట్టు, కంప్యూటరు బదులు కాగితం చేత చెప్పించినట్టు.

నిన్న సాయంత్రం పర్సుడీహ్ బజారులో అతను టీ తాగే బెంచీ దగ్గరికి వెళ్లాను. "అన్నా, ఒకటి చదివి వినిపించాలి, కూర్చో" అన్నాను. పైన మీరు చదివినదంతా చదివాను. అతని టీ చల్లారిపోయింది.

అయిపోయాక అడిగాడు. "బాబాయికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే నోరిప్పలేదా?"

"ఇప్పలేదు."

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. అతను నా వైపు చూడలేదు. "నాను పోయినోడిని మాఫ్ సేసినాను తమ్ముడూ, ఆడు సేయని తప్పుకి" అన్నాడు. లేచి, గ్లాసు బెంచీ మీద పెట్టాడు. మెడలో పాసు తాడు మెలిపడి బోర్లా ఉంది. దాన్ని రెండు వేళ్లతో తిప్పి సరిచేసుకున్నాడు. ఫొటోలోని నీలం చొక్కా నా వైపు తిరిగింది. అలాగే నిలబడ్డాడు, నేను దాన్ని చూసేదాకా.